అందరి సీసాలూ ఒకే తొట్టిలో

పోయిన వారం రత్నమణిని ప్రొద్దుటూరులో గొంతు డాక్టరు ముందు కూర్చోబెట్టి, నోరు తెరిపించి, అట్లాగే వదిలేసి వచ్చాం. ఏడు రోజులుగా ఆ మనిషి నోరు తెరుచుకునే ఉందేమోనని బెంగపడిన వాళ్లు కాస్త కుదుటపడండి. డాక్టరు గొట్టం బయటికి తీశాడు, రత్నమణి నోరు మూసింది. అయితే మూసిన నోరు మళ్లీ ఎప్పుడు తెరవాలన్నదే ఇప్పుడు తేలవలసిన సంగతి.

జమ్మలమడుగు చర్చిలో ముప్పై ఏళ్లుగా పాట ఎత్తుకునేది రత్నమణే. మట్టల ఆదివారానికి ముందు శనివారం ఆడవాళ్లంతా చేరి చర్చి కడుగుతారు. ఆ రోజు వెనక గదిలో తొట్టి మీద వంగి కడుగునీళ్లు కర్రతో కలుపుతుంటే ఘాటు కొట్టి పడిపోయింది. మొదట మంట, తర్వాత దగ్గు, ఆ తర్వాత గొంతులో తెమడ. దగ్గుమందులు, వేడినీళ్లు, పసుపు పాలు అన్నీ అయ్యాయి. గుడ్ ఫ్రైడే వచ్చి పోయింది, ఈస్టరు వచ్చి పోయింది, గొంతు మాత్రం రాలేదు. ఈ రోజుకి ఇరవై మూడు రోజులు.

ఆ గొంతు కోసం ఒక మనిషి మంచంలో కాచుకొని ఉంది. హెలెన్ టీచరమ్మ. ఎనభై నాలుగేళ్లు, చూపు పోయింది, గుండె నీరసించింది. పదేళ్ల రత్నమణిని పక్కన నిలబెట్టుకొని, ఆ పిల్ల గొంతు మీద రెండు వేళ్లు ఆనించి స్వరం నేర్పింది ఆమే. తాను సొంతంగా కట్టిన పాట ఒకటుంది, పెన్న దాటే పాట. తన చివరి ఘడియల్లో అది పాడాలని ఎన్నడో మాట తీసుకుంది. "పెట్టెలో పెట్టినాంక పాడితే నాకేం వినపడతాది పాపా? ఊపిరి ఉండంగానే పాడాల" అని నవ్వింది. రత్నమణి చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టింది.

డాక్టరు తెరమీద బొమ్మ చూపించాడు. గొంతు లోపలంతా ఎర్రగా, వాచిపోయి, మీద తెల్లటి జిగురు కట్టి ఉంది. ఇది నా గొంతా అని రత్నమణికి నమ్మబుద్ధి కాలేదు. అందులోంచి ముప్పై ఏళ్లు పాట వచ్చిందంటే ఇంకా నమ్మబుద్ధి కాలేదు.

"ఏం పీల్చినావమ్మా?" అన్నాడు డాక్టరు.

కోడలు నిర్మల అందుకుంది. "యాసిడ్ సార్. మా ఊర్లో సైదాబీ అని ఒకామె బండి మీద అమ్ముతాది. కల్తీది పోసినట్టుండాది."

"కల్తీయా? దాంతోపాటు ఇంకేం కలిపినారు?"

నిర్మల అత్త వైపు చూసింది. మాట రాని రోజు నుంచి రత్నమణి సంచిలో పలక, బలపం పెట్టుకొని తిరుగుతోంది. పలక తీసి ఒక్క మాట రాసింది. బ్లీచింగ్. రాసి డాక్టరుకు చూపించింది, హోంవర్కు చూపించే పిల్లలాగా. ఆ మాటలో ఏముందో అప్పటికి ఆమెకు తెలియదు.

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఇంక కల్తీ మాట ఎందుకమ్మా? శుద్ధమైన యాసిడ్డయినా ఇదే పని చేసేది. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ కలిస్తే విషపు గాలి పుడుతుంది. మూసిన గదిలో అయితే మనిషి ప్రాణమే పోవచ్చు. నువ్వు బతికినావు, సంతోషించు."

ఆ బ్లీచింగ్ పౌడరు పొట్లం తీసుకుపోయింది రత్నమణే. తన చేత్తో చించి, తన చేత్తో తొట్టిలో గుమ్మరించింది.

"ఆరు వారాలు మాట వద్దు," అని చెబుతున్నాడు డాక్టరు. "గుసగుస అసలే వద్దు, అది మాటకన్నా చెరుపు. తెమడ అడ్డం పడిందని గొంతు గీరుకోవద్దు, గుక్కెడు నీళ్లు తాగు. ఫినాయిలు, పొగ దగ్గరికి పోవద్దు. మళ్లీ చూసి చెప్తాను."

నిర్మల భయంభయంగా అడిగింది. "పాట సార్? ఒక్క పాట?"

"ఈ వాపు మీద బలం పెడితే ఉన్నదీ పోతుంది. ఒక్క పాటకి ఆశపడి జన్మకి పాట లేకుండా చేసుకుంటారా?"

రత్నమణి తలూపింది. ఆమె మనసు అక్కడ లేదు. ఆ శనివారం నలుగురూ చేతులూ కాళ్లూ పట్టి తనను గదిలోంచి బయటికి లాగినప్పుడు, తొట్టి అంచున ఒక సీసా కనిపించింది. పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ సీసా, మూతికి ఎర్ర గుడ్డపేలిక. అట్లా గుడ్డపేలిక కట్టి యాసిడ్ అమ్మేది ఊరంతటికీ సైదాబీ ఒక్కతే. ఇరవైమంది ఆడవాళ్లు చుట్టూ నిలబడి ఉండగా రత్నమణి దాని వైపు వేలు చూపించి, "సైదాబీ సీసా... విషం" అంది. ఆమె నోటినుంచి తిన్నగా వచ్చిన చివరి మాట అదే. ఆ తర్వాత వచ్చింది దగ్గే.

ఇరవై మంది విన్న మాట ఇరవై వీధులకు పాకకుండా ఉంటుందా? మరుసటి రోజు నుంచి సైదాబీ బండిని చూసి తలుపులు వేసుకున్నారు. ఈస్టరు నాటికి బండి బయటికి రావడమే మానేసింది.

బస్సులో నిర్మల వాగుతూనే ఉంది. పులివెందులలో అరటికాయల లారీల ఆఫీసులో పని చేసే మొగుడు వినోద్‌కు ఫోను చేసి డాక్టరు చెప్పిందంతా చెప్పింది. రత్నమణి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. గొంతులో తెమడ కదులుతోంది. గీరుకుంటే హాయిగా ఉంటుంది. గీరుకోలేదు. నీళ్ల సీసా ఎత్తి ఒక గుక్క తాగింది.

ఇంత తెలివిమాలిన పని ఎట్లా జరిగిందని మీరు అడగొచ్చు. అడగండి, తప్పులేదు. అది తెలివిమాలిన పని కాదు, మంచితనంతో మొదలైన ఆచారం. నలభై ఏళ్ల కింద చర్చి కడిగే రోజున కలిగినవాళ్లు ఫినాయిల్ డబ్బాలు తెస్తే, కూలికి పోయే ఒక తల్లి కుంకుడుకాయ రసం చెంబుతో తెచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తల్లి చెంబు కొంగు కింద దాచుకుంది. హెలెన్ టీచరమ్మ ఆ చెంబు అందుకొని తొట్టిలో పోసింది, ఆ డబ్బాలూ లాక్కొని అందులోనే పోసింది. "ఇంక ఏది ఎవురిదో చెప్పండి చూస్తాం!" అంది. అప్పటినుంచి అదే పద్ధతి. ఎవరు ఏం తెచ్చినా ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. ఒక్కొక్కరే వెనక గదిలోకి పోయి తొట్టిలో పోసి వస్తారు. చివర రత్నమణి పోయి కర్రతో కలుపుతుంది. కుంకుడు రసం, సున్నపు తేట, ఫినాయిలు ఉన్నన్నాళ్లు ఏమీ కాలేదు. ఈ ఏడు కూడా ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు.

అయితే ఆ సీసా తెచ్చి పోసింది ఎవరు?

బస్సు దిగగానే నిర్మల ఇంటి వైపు తిరిగింది. రత్నమణి తిరగలేదు.

"యాడికత్తా? ఆ సందులోకి ఎందుకు పోతాండావు?"

రత్నమణి పలక మీద సైదాబీ అని రాసి చూపించి, ముందుకు నడిచింది.

సైదాబీ వాకిట్లో కూర్చొని శనక్కాయలు ఒలుస్తోంది, కూలికి. పక్కన తోపుడు బండి గోడకు చేరేసి ఉంది. దాని మీద సీసాలన్నీ వరసగా ఉన్నాయి, మూతులకు గుడ్డపేలికలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, వాటిమీద దుమ్ము. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. ఆ బండి తోసుకుంటూనే కూతురు షాహిస్తాను చదివించింది. రత్నమణిని చూసి లేవలేదు, కూర్చోమని అనలేదు. చేతిలో కాయ చిట్లించి గింజలు చేటలో వేసింది.

రత్నమణి అరుగు కింద నిలబడి పలక మీద రాసింది. తప్పు నాది. నీ సీసాలో దోషం లేదు. రెండు చేతులా పట్టుకొని చూపించింది.

సైదాబీ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొని చదివింది. చదివి నవ్వింది.

"పలక మీద రాసుకొచ్చినావా రత్నక్కా? శానా బాగుండాది. ఆ పొద్దు నలుగుర్లో నోటితో అంటివే, ఈ పొద్దు నలుగుర్లో నోటితో చెప్పు. చర్చి కాడ నిలబడి చెప్పు. నా సీసా విషమని గట్టిగా అన్న నోరు, కాదని చెప్పేదానికి రాలేదా?"

"మా అత్తకి మాట రాదు," అంది నిర్మల. "డాక్టరు..."

"తెలుసు మే. మాట రాదని ఊరంతా ఏడ్చింది. నా బండి ఇంట్లో పడుండాదని ఎవురన్నా ఏడ్చినారా? ఇరవై ఏండ్లు మీ వాకిండ్ల ముందర తిరిగినా. బిడ్డలుండే ఇండ్లలో సీసా ఎత్తుమీద పెట్టుకోండని చెప్పినా. దేంట్లోనూ కలపొద్దని చెప్పినా, నీకూ చెప్పినా, మీ అత్తకూ చెప్పినా. చెప్పలేదా అక్కా?"

చెప్పింది. ప్రతిసారీ చెప్పేది. విసుగు పుట్టేంతగా చెప్పేది. రత్నమణి తలూపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడిస్తే దగ్గు వస్తుందని బిగపట్టింది. అయినా వచ్చింది. అరుగు పట్టుకొని వంగి దగ్గింది. దగ్గి దగ్గి కొంగులో తెమడ ఉమ్మింది. వంగిన నడుము లేవలేకపోయింది.

సైదాబీ చేట పక్కన పెట్టి లోపలికి పోయి, గ్లాసుతో గోరువెచ్చని నీళ్లు తెచ్చింది. "తాగు. నింపాదిగా తాగు," అంది. కోపం అలాగే ఉంది గొంతులో, చెయ్యి మాత్రం రత్నమణి వీపు నిమురుతోంది.

నీళ్లు తాగి, పలక తుడిచి, రత్నమణి ఇంకో మాట రాసింది. ఆ సీసా కొన్నది ఎవరు?

సైదాబీ పలక చూసి ముఖం తిప్పుకుంది. "నాకు గుర్తులేదు."

రత్నమణి కదలలేదు. ఇరవై ఏళ్లుగా ఏ ఇంట్లో ఏ సీసా ఎప్పుడు అయిపోతుందో వేళ్ల మీద చెప్పే మనిషికి గుర్తులేకపోవడమేమిటి? పలకను ఇంకా దగ్గరికి జరిపింది.

"తెలుసుకొని ఏం చేస్తావక్కా? వాళ్లమీదా వేలు చూపిస్తావా?"

రత్నమణి అడ్డంగా తలూపింది. సైదాబీ చెయ్యి పట్టుకుంది, వదలలేదు. సైదాబీ పలక మీది అక్షరాలను వేలితో చెరిపేసింది, వీధిలో ఎవరైనా చదువుతారేమోనన్నట్టు.

"ఈ అచ్చరాలు నాకెవురు నేర్పించినారో నీకు తెలుసు గదా," అంది మెల్లగా. "మధ్యాన్నం పూట నన్ను అరుగు మీద కూచోబెట్టుకొని, పెండ్లయిన ఆడదానికి ఓనమాలు దిద్దించింది. ఆ సీసా కొనింది ఆయమ్మే."

రత్నమణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరుగు మీద కూర్చుంది.

"ఆ శనివారం ముందు దినం నా బండి చప్పుడు విని పిలిచింది," అంది సైదాబీ. "ఫినాయిల్ ఇస్తానంటే వద్దనింది. చర్చి వెనకాల నాచు పట్టిందంట, కండ్లు కనపడకపోయినా కాలికి జారుతాంది, ఎవురన్నా పడతారు, గట్టిది ఈమనింది. ఇచ్చినా. దేంట్లోనూ కలపొద్దు టీచరమ్మా అని రెండుసార్లు చెప్పినా. సరే పాపా అనింది. పోయి తొట్టి ముందర నిలబడినాక నా మాట యాడ గుర్తుంటాది? నలభై ఏండ్ల అలవాటు. ఆయమ్మ పెట్టిన అలవాటే."

"మరి చెప్పలేదే!" అంది నిర్మల. "ఇన్ని దినాలు ఊరంతా నిన్నంటాంటే గమ్మునుండావా?"

"ఏమని చెప్పేది? మీ రత్నమణి గొంతు తీసింది టీచరమ్మ చెయ్యే అని చెప్పేదా? ఆ మాట ఆయమ్మ చెవిన పడితే ఏమయితాది?" సైదాబీ కొంగుతో మొహం తుడుచుకుంది. "నా బండిదేముంది మే. మళ్లా ఎప్పుడో తిరుగుతాది. ఆయమ్మకు ఎన్ని దినాలుండాయి?"

రత్నమణికి ఏడుపు ఆగలేదు. బండి మీది సీసాలు చూసి ఏడ్చింది. ఒక్క మాటలో తాను తీసిన పరువును ఈ మనిషి ఇన్ని రోజులు నోరు మూసుకొని మోసింది. తనకు డాక్టరు చెప్పిన మౌనాన్ని, సైదాబీ ఎవరూ చెప్పకుండానే పాటించింది. పలక మీద రాయడానికి చూసింది, బలపం వేళ్లలోంచి జారి రెండు ముక్కలైంది.

అప్పుడే నిర్మల ఫోను మోగింది. చేసింది మామ దేవదానం. పొద్దుటి నుంచి ఆయన టీచరమ్మ దగ్గరే ఉన్నాడు.

"యాడుండారు?" అన్నాడు. "బిరీన రండి. టీచరమ్మ ఊపిరి తేడాగా ఉండాది. రత్న యాడ, రత్న యాడ అని అదే అడుగుతాంది."

సైదాబీ లోపలికి పోయి బుర్ఖా తొడుక్కొని వచ్చింది. ముగ్గురూ బయల్దేరారు. రత్నమణి అందరికంటే ముందు నడిచింది.

టీచరమ్మది మిషను కాంపౌండులో ఒక్క గది ఇల్లు. పెళ్లి లేదు, పిల్లలు లేరు, ఊరి పిల్లలంతా ఆమె పిల్లలే. మంచం పక్కన దేవదానం విసనకర్ర పట్టుకొని కూర్చొని ఉన్నాడు. భార్యను చూడగానే లేచి, పక్కకు తీసుకుపోయి చెవిలో అన్నాడు. "జలుబు చేసిందనే చెప్పినాము. నువ్వు గమ్మున చెయ్యి పట్టుకొని కూచో, చాలు."

ఆ మాట బాగానే ఉంది. కానీ టీచరమ్మ చెవులు బాగా పనిచేస్తున్నాయి.

"రత్నే గదా," అంది. "అడుగు చప్పుడు నాకు తెలీదా? దా పాపా."

రత్నమణి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చొని ఆమె చెయ్యి అందుకుంది. ఎముకా చర్మం, వేళ్ల చివర్లు చల్లగా ఉన్నాయి. మాట్లాడాలంటే మాట లేదు, పలక చూపిద్దామంటే ఆమెకు కళ్లు లేవు. ముప్పై ఏళ్లు వేల మందిని పాడించిన మనిషికి, ఇప్పుడు కావలసిన ఒక్క మనిషితో చెప్పుకోవడానికి దారి లేకుండా పోయింది.

"జలుబంటాండారు అందరూ," అంది టీచరమ్మ. ఒక్కొక్క మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "ఇరవై దినాలుంటాదా జలుబు? నేను పిచ్చిదాన్నా? గుడ్ ఫ్రైడేకి నీ పాట లేదు. ఈస్టరుకి లేదు. అడిగితే అందరూ మాట మారుస్తాండారు."

"ఊరికే ఆయాసపడొద్దు టీచరమ్మా," అన్నాడు దేవదానం.

"నువ్వుండు దేవదానం." తల కాస్త తిప్పింది, రత్నమణి ముఖం ఉన్న వైపుకి. "ఆ పొద్దు తొట్టి కాడికి నేనొక సీసా తీసుకపోయినా. మూత తీసి పోసింది నేనే. సైదాబీ ఏందో జాగ్రత్త చెప్పింది, అదేందో గుర్తు రాలేదు. నేను బయటికి వచ్చి అరుగు మీద కూచున్నాక, మీ అరుపులు వినపడినాయి. ఘాటు నాకూ తగిలింది. అప్పట్నుంచి అదే తలుచుకుంటాండా."

గుమ్మం దగ్గర సైదాబీ బుర్ఖా అంచు నోట్లో కుక్కుకుంది.

"నిజం చెప్పు రత్నా. నీ గొంతు నేను తీసినానా?"

దేవదానం చేతిలో విసనకర్ర ఆగిపోయింది. రత్నమణి టీచరమ్మ చేతిని చెంపకు ఆనించుకొని, లేదు లేదు అని తల తిప్పింది. కన్నీటి తడి ఆ చేతికి తగిలింది.

"ఏడుస్తాండావు," అంది టీచరమ్మ. "ఏడుస్తే నేనేమనుకోవాల? మాటతో చెప్పొద్దులే. ఒట్టు పెట్టినావు గదా, పెన్న పాట పాడతానని. ఆ పాట పాడు. వింటే చాలు, నీ గొంతు బాగుండాదని తెలుసుకొని నెమ్మదిగా పోతా. గమ్మునుంటే..." ఊపిరి అందలేదు. అందాక అంది. "గమ్మునుంటే నాకు అర్థమయితాది పాపా. దేవుని ముందర అదే చెప్పుకుంటా."

నిర్మల అత్త భుజం గట్టిగా పట్టుకుంది. "వద్దత్తా," అని పెదవులు కదిపింది. డాక్టరు మాట ఇద్దరికీ చెవుల్లో ఉంది. ఉన్నదీ పోతుంది. జన్మకి పాట లేకుండా పోతుంది. రత్నమణి మొగుడి వైపు చూసింది. దేవదానం ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఆదివారం ఆ గొంతు వెంట కంజీర వాయించినవాడు. ఆయన ఒకసారి చూసి, గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

టీచరమ్మ చెయ్యి చెంప మీద నుంచి కిందికి జారింది. గడ్డం తడుముకుంటూ దిగి, గొంతు ముడి దగ్గర ఆగింది. రెండు వేళ్లు అక్కడ ఆనించింది, నలభై రెండేళ్ల కింద ఆనించిన చోటే.

"పాడు పాపా. మెల్లగా ఎత్తుకో."

రత్నమణి భుజం మీద ఉన్న నిర్మల చేతిని తీసేసింది. తెమడ గొంతుకు అడ్డం పడింది. గీరుకోలేదు, మింగింది. మంట కడుపుదాకా పోయింది. ఛాతీ నిండా ఊపిరి పీల్చుకొని, పెన్న దాటే వేళాయె అన్న మొదటి మాటకు నోరు తెరిచింది.

ఆ రెండు వేళ్లూ కదలకుండా కాచుకొని ఉన్నాయి.